కొట్టేసే ముందు పేరడుగు

తరంగిణి నీళ్ళ మీద సుద్దముక్కతో రాస్తోంది, రాసింది రాసినట్టే నిలుస్తోంది. గోదావరంత వెడల్పున నీరు నల్లగా, నున్నగా, ఇప్పుడే తడిగుడ్డతో తుడిచిన బోర్డులా పరుచుకుని ఉంది, అవతలి గట్టు ఉందో లేదో తెలియడం లేదు, ఆమె వాకిట్లో ముగ్గు వేస్తున్నట్టు నడుం వంచి, ఎడమ చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఒక్కొక్క అక్షరమే పెడుతూ వెనక్కి వెనక్కి నడుస్తోంది. చీలమండల దాకా నీళ్ళలోనే ఉన్నా పాదాల పారాణి తడవడం లేదు. చెయ్యి కదిలినప్పుడల్లా పెళ్ళినాటి గాజులు గలగలమంటున్నాయి, ఇంత చప్పుడు చేసుకుంటూ ఎవరైనా ఫిజిక్సు చెబుతారా అని ఆమెకి నవ్వొస్తోంది. సుద్దపొడి రాలి మెట్టెల మీద తెల్లగా పడుతోంది. ఇది లెక్చరర్ ఉద్యోగానికి రేపు ఇవ్వాల్సిన డెమో క్లాసు అని ఆమెకి తెలుసు, రేపు ఇంకా రాలేదనీ తెలుసు, రెండూ ఒకేసారి నిజం కావడం వింతగా ఏమీ అనిపించడం లేదు.

తలెత్తితే పైకప్పు లేదు. కప్పు ఉండాల్సిన చోట ఆకాశమూ సరిగ్గా లేదు, పలచటి గంజి రంగులో ఏదో తెర ఉంది, అందులోంచి దారాలు దిగుతున్నాయి, అన్నీ ఒకే పొడవు దారాలు, ఎటు చూస్తే అటు దారాలు, ఒక్కో దారం చివర ఒక్కో వస్తువు. తిరగలి రాయి, ఇత్తడి చెంబు, పడవ లంగరు, గిజిగాడి గూడు, ఎవరిదో చంటిపిల్ల గౌను. ఈ చోట గాలి లేదు, అయినా అన్నీ ఊగుతున్నాయి. తిరగలి రాయీ చంటిపిల్ల గౌనూ ఒకేసారి అటు వెళ్ళి ఒకేసారి ఇటు వస్తున్నాయి, లంగరూ గూడూ వాటితోపాటే, లోకమంతా కలిసి ఒకే ఊపిరి తీసుకుని ఒకే ఊపిరి వదులుతున్నట్టు. చూస్తూ చూస్తూ ఆమె తను ఊపిరి పీల్చడం మరిచిపోతుంది.

మళ్ళీ కిందికి చూస్తే ఆ వరస వచ్చేసి ఉంది. సమానం గుర్తుకి ఎడమ పక్క ఒక m, కుడి పక్క ఒక m. ఇక కొట్టెయ్యాలి. రెండిటి మీదా చెరో అడ్డగీత గీస్తే వేలాడే వస్తువు బరువెంతైనా లెక్కలోంచి తప్పుకుంటుంది, అక్కణ్ణించి దారంతా పల్లమే, లోలకం ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఫార్ములా దానంతటదే దొర్లుకుంటూ వచ్చేస్తుంది. ఆమె చెయ్యి ఎత్తుతుంది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోతుంది.

అక్కడే ఆగిపోతోంది ఎప్పుడూ. పెళ్ళికి ముందు ఒక కాలేజీలో డెమో ఇచ్చినప్పుడూ ఇదే వరస దగ్గర, ఇలాగే చెయ్యి గాల్లో పెట్టుకుని, బోర్డుకేసి చూస్తూ నిలబడిపోయింది. వెనక బెంచీలో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. ప్రిన్సిపాలు గారు చాలా మర్యాదగా, "పర్వాలేదమ్మా, మంచినీళ్ళు తాగండి," అన్నారు. ఆ మర్యాదే ఆమెకి ఇప్పటికీ చెవిలో వినిపిస్తూ ఉంటుంది. రేపు కూడా ఇక్కడే ఆగిపోతే ఇంకో కాలేజీ వాళ్ళు పిలుస్తారనే నమ్మకం లేదు, అంతకన్నా, తను ఇంకోసారి సుద్దముక్క పట్టుకుంటుందనే నమ్మకం లేదు.

"ఏవే తరూ," అంటారెవరో వెనకనించి, "దాని పేరడిగావా?"

ఆ గొంతు వినగానే ఆమె వెన్ను నిటారవుతుంది, చిన్నప్పట్లాగే.

నీళ్ళ మీద లాబ్ బల్లలు తేలుతున్నాయి, నల్లరాతి పలక వేసిన పొడుగాటి బల్లలు, రేవు దాటించే పంటుల్లాగా బరువుగా, ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి అడుగువేస్తూ వాళ్ళ నాన్న వస్తున్నారు. గుత్తుల పాండురంగం మాస్టారు. పొట్టిచేతుల తెల్లచొక్కా, సుద్దపొడితో ఇంకా తెల్లబడిన జేబు, ఒక పక్క దారంతో కట్టుకున్న కళ్ళజోడు, భుజాన కూరల సంచీ. కిందటి ఆషాఢంలో పోయారాయన. పోయిన సంగతి ఆయనకి తెలుసో లేదో అడగడం బాగుండదని తరంగిణి అనుకుంటుంది.

జూనియర్ కాలేజీలో ఆయన పాఠానికొక పద్ధతి ఉండేది. సమానం గుర్తుకి రెండు పక్కలా ఒకే అక్షరం ఉందని చూడగానే కొట్టేయకూడదు. బోర్డు దగ్గరికి వెళ్ళి, ఆ అక్షరాన్ని వేలితో తాకి, "నువ్వెవరు?" అని పైకి అడగాలి. అదెవరో అడిగినవాళ్ళే చెప్పాలి. చెప్పాకే గీత. అడక్కుండా కొట్టేసిన పిల్లల చేత ఆ అక్షరానికి క్షమాపణ చెప్పించేవారు. రంగం మాస్టారి స్టూడెంట్లు బజారులో వంకాయని సంచిలో వేసుకునే ముందు కూడా 'నువ్వెవరు' అని అడుగుతారని ఊళ్ళో ఒక జోకు ఉండేది, ఆ జోకు అందరికన్నా గట్టిగా ఆయనే చెప్పుకునేవారు.

"గాజులేంటే ఇన్ని?" అంటారాయన దగ్గరికొచ్చి. "పిల్లలు పాఠం వింటారా, ఇవి వింటారా?"

"కొత్త కదా నాన్నా. తియ్యకూడదట."

"తియ్యమనలేదు. చప్పుడాగినప్పుడు ఏదో ముఖ్యమైంది వస్తోందని వాళ్ళకే తెలుస్తుంది, అది మంచిదే." ఆయన నీళ్ళకేసి వంగి, ఆమె రాసిన వరసలు చదువుతారు. "నీళ్ళ మీద రాతలు అంటారు గాని, చూడు, ఎంత గట్టిగా ఉన్నాయో. నీ త్వరణం మీద రెండో చుక్క పడలేదు. పెట్టు."

ఆమె చుక్క పెడుతుంది. ఆయన సంచిలోంచి ఒక తాళం కప్ప తీస్తారు, ఇంటి వీధి తలుపుది, బరువైంది. తరవాత ఒక వంకాయ తీస్తారు.

"లాబులో ఇత్తడి గుండ్లు మళ్ళీ మాయమయ్యాయి," అంటారు, ఏళ్ళ తరబడి చెప్పుకున్న ఫిర్యాదులాగా. "వంకాయకి తొడిమ దేవుడిచ్చింది దారం కట్టుకోడానికే." తాళాన్ని ఒక దారానికీ, వంకాయని తొడిమ పట్టుకుని పక్క దారానికీ కట్టి, రెండిటినీ ఒక్కచేత్తో వెనక్కి లాగి వదిలేస్తారు. తాళమూ వంకాయా భుజం భుజం కలుపుకుని బడికి పోయే పిల్లల్లా అటు వెళ్తాయి, ఇటు వస్తాయి.

"టీ తాగాక చెప్తానన్నావు," అంటుంది తరంగిణి. అది అడగాలని ఇంతసేపూ ఆమె అనుకోనేలేదు, మాట దానంతటదే వచ్చేసింది.

"అన్నాను."

"చెప్పలేదు."

"టీ రాలేదు కదమ్మా. మీ అమ్మ అల్లం దంచుతూ కూచుంది."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వస్తాయి. ఆ ఆదివారం అలాగే జరిగింది. వంటింటి తలుపు వెనక నల్లరంగు వేయించిన చెక్క మీద ఆమె ఇదే లోలకం ఫార్ములాని రాబడుతోంది, ఎమ్మెస్సీ అయింది, లెక్చరర్ ఉద్యోగాలకి తయారవుతోంది, నాన్న పీట మీద కూచుని చూస్తున్నారు. ఆమె విసురుగా రెండు m లూ కొట్టేసింది. "ఆ రెండూ ఒకటేనని నీకెవరు చెప్పారు?" అన్నారాయన. "పుస్తకం," అంది ఆమె. ఆయన పెద్దగా నవ్వి, "ఉండు, టీ తాగాక చెప్తా, అదంత తేలిక సంగతి కాదు," అన్నారు. టీ గ్లాసుతో అమ్మ వెనక్కి తిరిగేసరికి ఆయన గోడకి తల ఆనించి ఉన్నారు, నవ్వు ముఖం మీద ఇంకా పూర్తిగా ఆరలేదు.

"సరే, టీ ఎక్కడుందో చూద్దాం పద," అంటారాయన. "ఎక్కు."

సైకిలు ఎక్కణ్ణించో వచ్చింది, పాత ఆకుపచ్చ సైకిలు. ఆమె పట్టుచీరతో వెనక కారేజీ మీద కూచుంటుంది, చిన్నప్పుడు కూచున్నట్టే ఒక పక్కకి, ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకుని. చొక్కా లోపల ఒళ్ళు వెచ్చగా ఉందో చల్లగా ఉందో తెలియడం లేదు, చొక్కా మాత్రం ఉతికిన చొక్కా వాసన వేస్తోంది. సైకిలు నీళ్ళ మీద సాగిపోతోంది, ఎక్కడా ఒక్క చుక్క చిందడం లేదు, ఆమె రాసిన వరసలు చక్రాల కిందనించి వెనక్కి వెళ్ళిపోతున్నాయి. ఎండ నడినెత్తిన ఉంది. ఎండ ఎప్పుడొచ్చింది?

"నీడ చూడు," అంటారాయన తల తిప్పకుండానే.

ఆమె చూస్తుంది. పెడలు గుండ్రంగా తిరుగుతోంది, నీటి మీద దాని నీడ మాత్రం తిరగడం లేదు, ముందుకీ వెనక్కీ ఊగుతోంది, చివర్లలో నెమ్మదించి, నడిమధ్య జోరందుకుని, అచ్చం దారానికి కట్టిన తాళంలా. చిన్నప్పుడు ఇదే సైకిలు మీద ఇదే చూపించారాయన. అటూ ఇటూ ఊగేదాని లెక్కలో వృత్తానికి చెందిన π ఎందుకు వచ్చిపడుతుందని ఆమె అడిగితే జవాబు చెప్పకుండా మధ్యాహ్నం ఎండలో రోడ్డు మీదికి తీసుకెళ్ళి పెడలు నీడ చూడమన్నారు. ఎక్కడో ఒక చక్రం తిరుగుతోంది, మనకి దాని నీడే ఊగుతూ కనిపిస్తోంది అన్నారు. ఆ రాత్రంతా ఆమె ఊగే ప్రతిదాని వెనకా కనిపించని చక్రం కోసం చూసింది, తలుపు వెనక, దండెం వెనక, అమ్మ చెవి జూకా వెనక.

"అల్లుడేం చేస్తాడు?" అంటారాయన సైకిలు తొక్కుతూనే.

"వ్యవసాయ శాఖ నాన్నా. చేలకి తెగుళ్ళొస్తే వెళ్ళి చూస్తారు. అభిరామ్ అని."

"ఫిజిక్సు వచ్చా?"

"ఇంటర్లో ఎలాగో గట్టెక్కారట. లోలకాన్ని గంట అంటారు."

"గంటే కదే. దానికెందుకంత వెటకారం? మంచివాడేనా?"

"తువ్వాళ్ళు మడతపెట్టడం చేతకాదు. చారు మాత్రం అద్భుతంగా పెడతారు. నేను చదువుకుంటుంటే చప్పుడు చెయ్యకుండా నడవాలని మునివేళ్ళ మీద నడిచి, ప్రతిసారీ బిందెని తన్నేస్తారు."

నాన్న భుజాలు ఊగుతున్నాయి, నవ్వుతున్నారన్నమాట. "అల్లుడి కాళ్ళు కడిగినప్పుడు మీ బాబాయి నీళ్ళన్నీ తన పంచె మీదే పోసుకుని ఉంటాడు."

"నీకెలా తెలుసు?"

"వాడు నా పెళ్ళిలోనూ అంతే."

ఆమె నవ్వుతూ నవ్వుతూ ఆగిపోతుంది. నీళ్ళు ఇంకా వెనక్కి పోతూనే ఉన్నాయి. "నీ ఏడాది తిరక్కుండానే చేసేశారు నాన్నా. తండ్రి పోతే ఏడాదిలోపే చెయ్యాలి, లేకపోతే ఆగాలి అన్నారు పెద్దవాళ్ళంతా. పీటల మీద కూచున్నంతసేపూ ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు. తలంబ్రాలప్పుడు ఆయన చెవిలో బియ్యం ఇరుక్కుంటే నవ్వాపుకోలేకపోయాను. ఇప్పుడూ అంతే. పొద్దున్నే పాలు పొంగితే నవ్వొస్తుంది. దండెం మీద మా ఇద్దరి బట్టలూ పక్కపక్కన ఆరుతుంటే, దానిక్కూడా సంతోషమే. ఇంత బరువు మోస్తూ ఇంత తేలిగ్గా ఎలా ఉన్నాను? నీమీద ప్రేమ లేదా నాకు?"

ఆయన సైకిలు తొక్కడం ఆపి, పైకి చెయ్యి చూపిస్తారు. తాళమూ వంకాయా వాళ్ళ వెంటే వస్తున్నాయి, తెర లోంచి దిగిన రెండు దారాల చివర.

"ఏది ముందొస్తోంది?" అంటారు.

ఆమె చాలాసేపు చూస్తుంది. "ఏదీ కాదు. రెండూ కలిసే వస్తున్నాయి."

"బరువుదీ?"

"తేలికదీ."

"మరి," అంటారాయన, మళ్ళీ పెడలు తొక్కుతారు.

టీ దొరికిన చోటు కాలేజీ వరండాలా ఉంది, రైల్వే ప్లాట్‌ఫారంలానూ ఉంది, స్తంభాల మధ్యనించి నీళ్ళు కనిపిస్తున్నాయి, బెంచీ మీద ఒక గాజుగ్లాసు పొగలు కక్కుతూ ఎదురుచూస్తోంది. ఎవరు పెట్టారో తెలియదు. అల్లం వాసన. నాన్న కూచుని గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, ఊదుకుంటూ, ఎప్పట్లాగే మొదటి గుక్కకి కళ్ళు మూసుకుని తాగుతారు. తరంగిణి ఎదురుగా నిలబడి చూస్తుంది. ఆ టీ అయిపోతే ఆయన చెప్పాలి. చెప్పేస్తే ఏమవుతుందో ఆమెకి భయంగా ఉంది, చెప్పకపోతే ఏమవుతుందో అంతకన్నా భయంగా ఉంది.

"పుస్తకాలన్నీ చూశాను," అంటుంది ఉండబట్టలేక. "ఎడమ పక్క m కదలనని మొండికేసే గుణం. దేన్నైనా తోస్తే, తోసిన చేతికి తెలుస్తుందే, అది. కుడి పక్క m భూమి పట్టి లాగే గుణం. వేరు వేరు గుణాలు. ఎంత జాగ్రత్తగా కొలిచినా రెండూ సమానంగానే వస్తున్నాయని రాశారు."

"ఆ పుస్తకం నీకు కొనిపెట్టింది నేనే కదే. అందులో ఏముందో నాకెందుకు చెబుతున్నావు?"

"మరి నువ్వేం చెబుదామనుకున్నావు?"

ఆయన గ్లాసు అడుగున మిగిలిన టీని ఒకసారి తిప్పి, తాగేసి, బెంచీ మీద పెడతారు.

"నాకు తెలీదని," అంటారు.

తరంగిణికి ఒక్క క్షణం అర్థం కాదు.

"నాకు తెలీదు తరూ. అదే చెబుదామనుకున్నాను. రాయి ఎంత మొండికేస్తుందో భూమి దాన్ని సరిగ్గా అంతే గట్టిగా లాగుతుంది. దూదిపింజ ఎంత సుళువుగా కదులుతుందో, దాన్ని అంత నెమ్మదిగానే పట్టుకుంటుంది. వెంట్రుకవాసి తేడా రాదు. కదలననడానికీ భూమికి చిక్కడానికీ ఏమిటే సంబంధం? ఎవరు కూచోబెట్టి మాట్లాడి కుదిర్చారు ఆ పొత్తు? దాన్ని పునాది చేసుకుని మహానుభావులు ఎంతెంత మేడలు కట్టారో తెలుసు. పునాది కింద ఏముందో ఎవరూ చెప్పలేదు. దేన్నీ బట్టీ పట్టకండి, రాబట్టండి అని జీవితమంతా అరిచినవాణ్ణి. దీన్ని నేను రాబట్టలేకపోయాను. ఎదురుగా పెట్టుకుని చూడ్డమే. ప్రతి ఏడాదీ ఆ వరస దగ్గరికొచ్చేసరికి ఒళ్ళు జలదరించేది. పరీక్షల్లో అడగరు కదా అని పైకి అనకుండా దాటించేసేవాణ్ణి. నీకైనా చెబుదామని, కాస్త గొంతు తడుపుకుని."

ఆయన అలా మాట్లాడుతుండగానే వరండా పక్కకి జరిగిపోయి, నీళ్ళు, దారాలు, తెర, అన్నీ మళ్ళీ చుట్టూ ఉన్నాయి, ఇప్పుడు తెర అంత దగ్గరగా లేదు, పైకి వెళ్ళిపోతోంది, దాని వెనక ఇంకా దారాలున్నాయి, చంద్రుడు ఒక దారానికి, ఆ పక్కన పేరు తెలియని పెద్ద పెద్ద వెలుగులు, ఎంత పెద్దవో అంత మొండివి, ఎంత మొండివో అంతగా చిక్కినవి, వాటన్నిటి కిందా ఒక తాళం, ఒక వంకాయ, ఒక చంటిపిల్ల గౌను, దేనికీ మినహాయింపు లేదు, దేనికీ తొందర లేదు. ఎమ్మెస్సీ చదివినన్నాళ్ళూ తరంగిణి ఈ రెండు అక్షరాలనీ ఎన్నిసార్లు కొట్టేసిందో, ఒక్కసారి కూడా తలెత్తి ఇటు చూడలేదు.

"నేనక్కడ ఆగిపోతున్నాను నాన్నా," అంటుంది. "బోర్డు ముందు. చెయ్యి రావడం లేదు."

"ఆగాల్సిన చోటే ఆగుతున్నావు. ఆగి ఏం చేస్తున్నావు?"

"ఏమీ చెయ్యడం లేదు."

"అడగటం లేదు. నాకోసం చూస్తున్నావు." ఆయన కోపంగా అనలేదు, పాఠంలో తప్పు చూపించినట్టే అన్నారు. "నేను వచ్చి చెబుతానని అంతమంది పిల్లల్ని కూచోబెట్టి చూస్తే ఎలాగమ్మా? తాకు. పేరడుగు. వాళ్ళ చేత కూడా అడిగించు. జవాబు రాదు. రాదని వాళ్ళకి తెలియనీ, కాసేపు నోరు తెరుచుకుని చూడనీ. అప్పుడు కొట్టెయ్."

రెండు దారాలకి ఒక బల్ల వేలాడుతోంది, ఉయ్యాల బల్ల. వాళ్ళిద్దరూ దాని మీద కూచుని ఉన్నారు, ఎప్పుడు కూచున్నారో తెలియదు. కాళ్ళ కింద ఆమె చేతిరాత మెరుస్తోంది. ఉయ్యాల అటు వెళ్ళినప్పుడు గాజులు ఒకసారి, ఇటు వచ్చినప్పుడు ఒకసారి.

"నీ బరువు తెలియడం లేదు నాన్నా బల్ల మీద."

"ఎలా తెలుస్తుంది? నా m ఇప్పుడు సున్నా." ఆయన ఆ సంగతి తెలిసే ఉన్నారన్నమాట. "నా లెక్కలో మాత్రం కొట్టెయ్యకు. సున్నాతో భాగించావంటే నీ చేత బోర్డుకి క్షమాపణ చెప్పిస్తాను, పెళ్ళయిందని కూడా చూడను."

ఆమె నవ్వుతూనే వరసని మనసులో రాసుకుంటుంది, చిన్నప్పటి అలవాటు, ఆయనేదన్నా అంటే రాసి చూసుకోవడం. ఎడమ పక్క m చోట సున్నా. కుడి పక్క m చోట సున్నా. ఎడమ పక్కంతా సున్నా అయిపోయింది, కుడి పక్కంతా సున్నా అయిపోయింది. సున్నా సమానం సున్నా. దారం పొడవు ఎంతైనా సరే, లయ ఏదైనా సరే, ఆ వరస నిజమే. ఇంత నెమ్మదిగానే ఊగాలని దానికి పట్టింపు లేదు. ఎలా ఊగినా ఒప్పుకుంటుంది.

ఆమె తల తిప్పి ఆయన ముఖంలోకి చూస్తుంది.

"అంటే నువ్వు," అని ఆగుతుంది.

"నువ్వెలా ఊగితే నేనలా," అంటారాయన. "నెమ్మదిగా ఊగితే నెమ్మదిగా. నవ్వుతూ ఊగితే నవ్వుతూ. కాదనడానికి నా దగ్గర m లేదుగా. ఇంక దిగు. రెండు అక్షరాలు అక్కడ అలాగే ఉండిపోయాయి పాపం."

ఆమె దిగుతుంది. నీళ్ళు చల్లగా పాదాలకి తగులుతాయి, ఇప్పుడు తడుస్తున్నాయి. వెనక ఉయ్యాల ఊగుతున్న చప్పుడు వినిపిస్తోంది, ఆమె వెనక్కి తిరగదు. వంగి, వేలు చాపి, ఎడమ పక్క m ని తాకుతుంది. నీళ్ళు వలయాలు వలయాలుగా విచ్చుకుంటాయి, అక్షరం మాత్రం చెదరదు.

"నువ్వెవరు?" అని అడుగుతుంది.

నీళ్ళన్నీ ఒక్కసారి నిశ్శబ్దమవుతాయి. ఆ అక్షరం నోరు విప్పబోతోంది.

"ఓయ్, ఇదేంటోయ్ ఇదీ," అంది.

అభిరామ్ గొంతు. తరంగిణికి మెలకువ వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం. కరెంటు పోయినట్టుంది, ఫ్యాను ఆగి ఉంది, మెడ కింద చెమట. భోంచేశాక చాప మీద ఒక్క నిమిషం అని వాలింది, బుగ్గ మీద చాప అచ్చులు పడ్డాయి. లేచి కూచుంది. అరచేతిలో సుద్దముక్క లేదు, గాజులున్నాయి. కాసేపు ఎక్కడున్నదీ తెలియలేదు, తెలిశాక కూడా కదలబుద్ధి కాలేదు, ఎవరో ఇప్పుడే పక్కనించి లేచి వెళ్ళినట్టు ఆ చోటుకేసి చూస్తూ ఉండిపోయింది.

"నిద్ర చెడగొట్టానా?" అన్నాడు అభిరామ్ వరండాలోంచి. "సారీ సారీ. కానీ ఒక్కసారి ఇలా రావోయ్. నాకేదో తేడాగా ఉంది."

ఆమె చీర సర్దుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

రేపటి డెమో కోసం పొద్దున ఆమె వరండా దండేనికి దారం కట్టి, వీధి తలుపు తాళం కప్ప వేలాడదీసి, కాసేపు ఊపి చూసుకుని అలాగే వదిలేసింది. ఆ ఒక్క తాళమే. ఇప్పుడు దాని పక్కన ఇంకో దారం ఉంది. ఆ దారానికి, తొడిమ దగ్గర ముడివేసి, సాయంత్రం గుత్తివంకాయ కూరకని తెచ్చిన వాటిలోంచి ఒక వంకాయ వేలాడుతోంది. తాళమూ వంకాయా పక్కపక్కన, ఒకేసారి అటు వెళ్ళి, ఒకేసారి ఇటు వస్తున్నాయి. కింద బోర్లించిన బకెట్టు మీద ఆమె మొగుడు గడ్డం చేతిలో పెట్టుకుని కూచున్నాడు.

"నువ్వు పడుకున్నావు కదా, తోచక కట్టాను," అన్నాడు తల ఎత్తకుండానే. "ఏది గెలుస్తుందో చూద్దామని పందెం పెట్టా, నాకు నేనే. మొదట్లో వంకాయ కాస్త ముందొచ్చేది. దారం పొట్టిగా ఉందేమోనని వదులు చేశా. ఇంక చూడు, కలిసే వస్తున్నాయి. తాళం అంత బరువు కదా, అది వేరేగా ఊగాలి కదా. వంకాయెంత, తాళమెంత. రెండిటికీ ఒకే లెక్క ఏంటి? ఎందుకలా?"

అతను అప్పుడు తలెత్తి చూశాడు.

"ఏంటోయ్, కళ్ళలో నీళ్ళు. కలేమన్నా వచ్చిందా?"

"వచ్చింది," అంది. "చెప్తాను. ఆ సుద్దముక్క ఇటివ్వండి."

కిటికీ మీంచి తీసి ఇచ్చాడు. ఆమె వరండా గచ్చు మీద, ముగ్గు వేస్తున్నట్టు వంగి, మొదటినుంచి రాయడం మొదలుపెట్టింది, దారం, కోణం, లాగే బలం, గాజుల చప్పుడుతో ఒక్కొక్క వరసా కిందికి దిగుతోంది. అభిరామ్ మునివేళ్ళ మీద పక్కకి జరగబోయి బకెట్టుని తన్నాడు. ఎడమ పక్క ఒక m, కుడి పక్క ఒక m. అక్కడికొచ్చేసరికి చెయ్యి ఆగింది. గాజుల చప్పుడూ ఆగింది. దండెం కింద రెండు దారాలు మాత్రం ఊగుతున్నాయి.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఈ వరస సంగతి అతనికి తెలుసు, పెళ్ళిచూపుల్లోనే చెప్పింది. "పోనీ ముందు టీ పెట్టనా?" అన్నాడు మెల్లిగా. "అల్లం ఉంది. తాగాక చెబుదువుగాని."

"వద్దండీ," అంది తరంగిణి. వేలు చాపి, ఎడమ పక్క అక్షరాన్ని తాకింది. గచ్చు ఎండకి వెచ్చగా ఉంది. "ఇలా వచ్చి కూచోండి. ముందు ఇది చెప్తాను. టీ తరవాత."